యోగ్యతకు కొలబద్ద

ఉద్దేశం: అంతర్జాతీయ క్రికెట్ వార్షిక పురస్కారాల ఎంపికపై సాగిన కొన్ని ప్రసిద్ధ వాదోపవాదాలను పరిశీలించి, యోగ్యతను నిర్ణయించడంలోని కష్టాన్ని తెలియజేయడం, సహేతుకంగా, మర్యాదగా వాదించే పద్ధతిని విద్యార్థులకు పరిచయం చేయడం.

పాఠం

ఒకే విద్యలో పలువురు ప్రతిభావంతులు ఉన్నప్పుడు వారిలో ఉత్తముడెవరన్న ప్రశ్న పుట్టక మానదు. పూర్వం రాజాస్థానాలలో ఈ ప్రశ్న కవిపండితుల మధ్య పుట్టింది. గౌడ డిండిమభట్టును వాదంలో ఓడించి, ఆతని కంచుఢక్కను పగులగొట్టించి, శ్రీనాథ మహాకవి కనకాభిషేక గౌరవం పొందాడన్న కథ తెలుగువారికి సుపరిచితం. నేడు అదే ప్రశ్న క్రీడారంగంలో వినిపిస్తున్నది. ఏటా అంతర్జాతీయ క్రికెట్ పురస్కారాలు ప్రకటితమైన నాడు పత్రికలలోను, టీ కొట్ల దగ్గర, కళాశాల వసారాలలోను జరిగే చర్చలు ఆనాటి ఆస్థాన వాదాలకు తీసిపోవు. ఒకరు పరుగుల లెక్క చెబుతారు. మరొకరు విజయాల లెక్క చెబుతారు. ఇద్దరి లెక్కలూ సరైనవే కావచ్చు. అయినా వాదం తెగదు. అది ఎందుకు తెగదో తెలుసుకోవడం ఆటను ప్రేమించేవారికే కాక, తీర్పు చెప్పవలసిన ప్రతివారికీ అవసరం.

అంతర్జాతీయ క్రికెట్ మండలి, అనగా ఐ.సి.సి., ఈ వార్షిక పురస్కారాలను 2004లో ప్రారంభించింది. ఆ సంవత్సరం సెప్టెంబరులో లండన్‌లో తొలి ప్రదానోత్సవం జరిగింది. సంవత్సరపు అత్యుత్తమ క్రికెటర్‌కు ఇచ్చే ప్రధాన పురస్కారానికి వెస్టిండీస్ ఆల్‌రౌండర్ సర్ గార్‌ఫీల్డ్ సోబర్స్ పేరు పెట్టారు. ఈ పేరును సూచించినవారు రిచీ బెనో, సునీల్ గవాస్కర్, మైకేల్ హోల్డింగ్. సోబర్స్ 93 టెస్టులలో 8,032 పరుగులు చేసి, 235 వికెట్లు తీసి, 109 క్యాచ్‌లు పట్టాడు. వేగంగానూ బంతి వేయగలడు, స్పిన్‌తోనూ బ్యాట్స్‌మన్‌ను బోల్తా కొట్టించగలడు. సర్వతోముఖ ప్రతిభకు ఆయన పెట్టింది పేరు. అందుచేత పురస్కారం పేరులోనే ఒక కొలబద్ద దాగి ఉన్నదని కొందరు భావిస్తారు. 2005లో ఆండ్రూ ఫ్లింటాఫ్, జాక్ కలిస్ ఈ పురస్కారాన్ని సంయుక్తంగా అందుకొన్నారు. ఇద్దరూ ఆల్‌రౌండర్లే కావడం విశేషం. అయితే కేవలం బ్యాట్స్‌మన్‌గానో, కేవలం బౌలర్‌గానో రాణించినవారు కూడా ఈ గౌరవానికి పాత్రులయ్యారు. కనుక పేరు సూచించే కొలబద్దనే అంతిమ ప్రమాణంగా గ్రహించడానికి వీలులేదు.

ఎంపిక విధానం స్థూలంగా రెండు దశలలో సాగుతుంది. మొదట నిపుణుల సంఘం అర్హుల జాబితా తయారుచేస్తుంది. ఆపై మాజీ ఆటగాళ్లు, పాత్రికేయులు మొదలైనవారు ఓటు వేసి విజేతను నిర్ణయిస్తారు. ఏ కాలంలో ఆడిన ఆటను లెక్కలోకి తీసుకోవాలో ముందే ప్రకటిస్తారు. తొలి సంవత్సరాలలో ఈ గడువు ఇంచుమించు ఒక ఆగస్టు నుండి మరుసటి ఆగస్టు వరకు ఉండేది. 2018 పురస్కారాలకు జనవరి నుండి డిసెంబరు వరకు గల సంవత్సరాన్నే ప్రమాణంగా తీసుకొన్నారు. గడువు మారితే విజేత కూడా మారవచ్చు. ఒక ఆటగాని గొప్ప ఇన్నింగ్స్ గడువుకు వారం ముందు జరిగితే ఒక ఏటి లెక్కలోను, వారం తరువాత జరిగితే మరొక ఏటి లెక్కలోను చేరుతుంది. ఆ ఇన్నింగ్స్ విలువ మాత్రం మారదు. కొలబద్ద మనిషి చేసినదేనన్న సత్యం ఇక్కడే బోధపడుతుంది.

తొలి ఏడాది ఎంపికే మంచి చర్చకు తావిచ్చింది. ఆ గడువులో రెండు అసాధారణ రికార్డులు నమోదయ్యాయి. 2003 అక్టోబరులో పెర్త్‌లో జింబాబ్వేపై మాథ్యూ హేడెన్ 380 పరుగులు చేసి, అంతవరకు బ్రయన్ లారా పేర ఉన్న 375 పరుగుల టెస్టు రికార్డును అధిగమించాడు. సుమారు ఆరు మాసాలకే, 2004 ఏప్రిల్‌లో, ఆంటిగ్వాలో ఇంగ్లండ్‌పై లారా 400 పరుగులతో అజేయంగా నిలిచి రికార్డును తిరిగి సొంతం చేసుకొన్నాడు. టెస్టు క్రికెట్ చరిత్రలో నాలుగు వందలు చేసిన వ్యక్తి మరొకడు లేడు. అయినా ఆ ఏడాది ప్రధాన పురస్కారమూ, ఉత్తమ టెస్టు ఆటగాని పురస్కారమూ భారత బ్యాట్స్‌మన్ రాహుల్ ద్రావిడ్‌ను వరించాయి.

లారా పక్షాన వాదించేవారు ఏమంటారు? మానవమాత్రులెవరికీ సాధ్యం కాని దాన్ని సాధించిన వానికంటె అర్హుడెవరు అంటారు. ఈ వాదం తేలికగా త్రోసివేయదగినది కాదు. అయితే రెండవ పక్షం వేరొక కొలబద్దను చేతబడుతుంది. లారా ఇన్నింగ్స్ నాటికే నాలుగు టెస్టుల సిరీస్‌లో వెస్టిండీస్ మొదటి మూడింటిని ఓడిపోయింది; నాలుగవది డ్రా అయింది. హేడెన్‌కు ఎదురైన జింబాబ్వే ఆనాటి బలమైన జట్లలో ఒకటి కాదు. ద్రావిడ్ విషయం అట్లా కాదు. 2003 డిసెంబరులో అడిలైడ్‌లో ఆస్ట్రేలియా మొదటి ఇన్నింగ్స్‌లో 556 పరుగులు చేసింది. భారత జట్టు నాలుగు వికెట్లు కోల్పోయి కష్టాలలో ఉన్నప్పుడు ద్రావిడ్, హైదరాబాదుకు చెందిన వి.వి.ఎస్. లక్ష్మణ్ కలిసి 303 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పారు. లక్ష్మణ్ 148, ద్రావిడ్ 233 పరుగులు చేశారు. చివరి రోజున 230 పరుగుల లక్ష్యాన్ని ఛేదించేటప్పుడు కూడా ద్రావిడ్ 72 పరుగులతో చివరిదాకా నిలిచి జట్టును గెలిపించాడు. 2004 ఏప్రిల్‌లో రావల్పిండిలో ఆతడు చేసిన 270 పరుగులు, పాకిస్తాన్ గడ్డపై భారతదేశానికి తొలి టెస్టు సిరీస్ విజయాన్ని సమకూర్చాయి.

ఈ మూడు పేర్లను పక్కపక్కన ఉంచితే మూడు కొలబద్దలు కనిపిస్తాయి. ఒకటి, సాధించిన అంకె. రెండు, ప్రత్యర్థి బలం. మూడు, ఆట ఫలితంపై ఆ ఇన్నింగ్స్ చూపిన ప్రభావం. అంకెను చూస్తే లారా, ఫలితాన్ని చూస్తే ద్రావిడ్ ముందుంటారు. న్యాయనిర్ణేతలు ద్రావిడ్‌ను ఎన్నుకొన్నారంటే లారా తక్కువవాడని అర్థం కాదు. ఆ సంవత్సరానికి వారు అంకెకన్న సందర్భానికి ఎక్కువ విలువ ఇచ్చారని గ్రహించాలి.

అంకెలలోనూ ఏ అంకెను చూడాలన్న సమస్య ఉన్నది. 2012లో ఉత్తమ టెస్టు ఆటగాని పురస్కారానికి ప్రకటించిన తుది జాబితాలో పాకిస్తాన్ స్పిన్నర్ సయీద్ అజ్మల్ పేరు లేకపోవడం వివాదాస్పదమైంది. గడువు కాలంలో అజ్మల్ 12 టెస్టులలో 72 వికెట్లు తీశాడు. 2012 తొలి మాసాలలో, అప్పటికి ప్రపంచంలో అగ్రస్థానంలో ఉన్న ఇంగ్లండ్ జట్టును పాకిస్తాన్ 3–0తో ఓడించిన సిరీస్‌లో ఆతనిదే ప్రధాన పాత్ర; మూడు టెస్టులలో 24 వికెట్లు తీశాడు. తుది జాబితాలో చోటు దక్కిన బౌలర్ దక్షిణాఫ్రికాకు చెందిన వెర్నన్ ఫిలాండర్. ఆతడు 9 టెస్టులలో 56 వికెట్లు తీశాడు. మొత్తం వికెట్లు చూస్తే అజ్మల్‌దే పైచేయి. ఒక్కొక్క టెస్టుకు ఎన్ని వికెట్లన్న లెక్క తీస్తే అజ్మల్‌కు సరిగ్గా ఆరు, ఫిలాండర్‌కు ఆరు కంటె స్వల్పంగా ఎక్కువ. ఒక్కొక్క వికెట్‌కు ఇచ్చిన పరుగులు చూస్తే ఫిలాండర్ సగటు పదిహేడు లోపే. అజ్మల్‌ది ఇరవై నాలుగు దాటింది. ఇక ఆడిన పిచ్‌ల స్వభావాన్ని కూడా లెక్కించాలంటే చర్చ మరింత లోతుకు పోతుంది.

పాకిస్తాన్ క్రికెట్ బోర్డు అభ్యంతరం తెలిపింది. ఓటింగ్ ప్రకారం రూపొందిన జాబితాను ఐ.సి.సి. మార్చలేదు. చివరకు పురస్కారం శ్రీలంకకు చెందిన కుమార సంగక్కరకు లభించింది. ఇందులో మరొక విచిత్రం ఉన్నది. అదే ఏడాది ప్రకటించిన ఉత్తమ టెస్టు జట్టులో అజ్మల్‌కు చోటు దొరికింది! ఆ జట్టును ఎంపిక చేసినది క్లైవ్ లాయిడ్ అధ్యక్షతలోని సంఘం. తుది జాబితాను నిర్ణయించినది విస్తృతమైన ఓటు. ఒకే ఏడాది ఆటను చూసిన రెండు బృందాలు ఒకే మనిషిని రెండు విధాలుగా తూచాయి. ఇందులో కుట్రను వెదకడం సులభం. తూచే చేతులు మారితే తూకం మారుతుందని గ్రహించడం వివేకం. అయితే ఒక మాట ఒప్పుకోక తప్పదు. ఏ కారణంచేత ఒక పేరు మిగిలిపోయిందో నిర్ణేతలు చెప్పనప్పుడు, కష్టపడినవాని మనస్సులో బాధ మిగులుతుంది. చూసేవారి మనస్సులో అనుమానం మిగులుతుంది. తీర్పుతోపాటు కారణం చెప్పడం న్యాయానికి సగం బలం.

2021 సంవత్సరపు ఎంపిక వేరొక సమస్యను ముందుకు తెచ్చింది. ఆ ఏడాది ఇంగ్లండ్ కెప్టెన్ జో రూట్ 15 టెస్టులలో 6 శతకాలతో 1,708 పరుగులు చేశాడు. ఒకే సంవత్సరంలో టెస్టులలో అంతకంటె ఎక్కువ పరుగులు చేసినవారు అంతకుముందు ఇద్దరే ఉన్నారు. ఉత్తమ టెస్టు ఆటగాని పురస్కారం ఆతనికి దక్కింది. కాని ప్రధాన పురస్కారం పాకిస్తాన్ ఎడమచేతి ఫాస్ట్ బౌలర్ షాహీన్ షా అఫ్రీదీకి లభించింది. అఫ్రీదీ టెస్టు, వన్డే, టీ20 మూడు విధాల ఆటలోను కలిపి 36 మ్యాచ్‌లలో 78 వికెట్లు తీశాడు. రూట్ ఆ ఏడాది అంతర్జాతీయ టీ20 మ్యాచ్‌లు ఆడనే లేదు. ఒకే రంగంలో శిఖరం ఎక్కినవాడు గొప్పవాడా, మూడు రంగాలలో నిలకడగా రాణించినవాడు గొప్పవాడా అన్నది ఇక్కడి ప్రశ్న. రూట్ అన్ని పరుగులు చేసినా ఆ 15 టెస్టులలో ఇంగ్లండ్ గెలిచినవి నాలుగే. దీనిని ఆతని లోపంగా కొందరు చూపుతారు. ఒక్కడే జట్టు భారం మోసిన ఘనతగా మరికొందరు చూపుతారు. ఒకే వాస్తవం రెండు పక్షాలకూ ఆయుధమైంది. అందువల్ల వాస్తవం చెప్పినంత మాత్రాన వాదం పూర్తి కాదు. ఆ వాస్తవానికి ఏ అర్థం చెబుతున్నామో కూడా తెలపాలి.

యోగ్యతతోపాటు అవకాశాన్ని కూడా గమనించాలి. 2024 సంవత్సరపు ఉత్తమ వన్డే జట్టులో భారతీయుడు ఒక్కడూ లేడు. తొందరపడి చూసేవారికి ఇది అన్యాయంగా తోస్తుంది. కాని ఆ ఏడాది భారత పురుషుల జట్టు ఆడిన వన్డేలు మూడే. అవి శ్రీలంకతో ఆడినవి. ఒక్కటి కూడా గెలవలేదు. ఆడని ఆటకు పురస్కారం ఎట్లా వస్తుంది? అదే ఏడాది టెస్టులలో 71 వికెట్లు తీసిన జస్‌ప్రీత్ బుమ్రా ఉత్తమ టెస్టు ఆటగాడుగాను, ఉత్తమ క్రికెటర్‌గాను ఎంపికయ్యాడు. కనుక ఇక్కడ దేశంపై వివక్ష ఉన్నదనడానికి ఆధారం లేదు. అభిమానం సహజమే. ఆధారం అడగని అభిమానం మాత్రం వాదానికి పనికిరాదు. 2021లో ప్రారంభమైన మాసపు పురస్కారాలలో అభిమానుల ఓట్లకు పది శాతం, నిపుణుల ఓట్లకు తొంభై శాతం విలువ కల్పించారు. జనాభా ఎక్కువగా ఉన్న దేశపు ఆటగాడే ప్రతిసారీ గెలవకుండా ఉండాలంటే ఇటువంటి కట్టుబాటు అవసరమే. అభిమానుల మాటకు ఇంకొంచెం ఎక్కువ విలువ ఉండాలనేవారి వాదన కూడా వినదగినదే.

కొలబద్ద వంకరగా ఉండటం ఒక దోషం. అసలు కొలవడానికే నిరాకరించడం అంతకంటె పెద్ద దోషం. మహాభారతంలో కుమారాస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టాన్ని గుర్తుకు తెచ్చుకోవాలి. అర్జునునితో పోటీకి సిద్ధపడిన కర్ణుని కృపాచార్యుడు కులగోత్రాలు అడిగాడు. బాణం ఎంత దూరం పోతుందన్న ప్రశ్నకు, విలుకాడు ఎవరి కుమారుడన్న ప్రశ్నకు సంబంధం లేదు. అయినా కర్ణుడు తల వంచుకోవలసి వచ్చింది. పోటీ జరగకముందే ద్వారం మూసుకొన్నది.

క్రికెట్‌లో స్త్రీల విషయంలోనూ చాలాకాలం ద్వారం మూసే ఉన్నది. సికిందరాబాదులో ఆట నేర్చిన మిథాలీ రాజ్ 2002లో, పందొమ్మిదేళ్ల వయస్సులో, ఇంగ్లండ్‌లోని టాంటన్‌లో 214 పరుగులు చేసింది. మహిళల టెస్టు క్రికెట్‌లో అప్పటికి అదే ప్రపంచ రికార్డు. 2005లో ఆమె నాయకత్వంలో భారత జట్టు ప్రపంచకప్ ఫైనల్ చేరింది. ఆ ఏడాది ఐ.సి.సి. పురస్కారాలలో స్త్రీలకు ప్రత్యేక విభాగమే లేదు. ఆమె ఓడిపోలేదు, ఆమె పేరు పరిశీలనకు వచ్చే మార్గమే లేదు. 2006లో ఉత్తమ మహిళా క్రికెటర్ పురస్కారం ఏర్పడింది. దానిని మొదట అందుకొన్నది, 2005 ఫైనల్‌లో భారత జట్టుపై శతకం చేసిన ఆస్ట్రేలియా క్రీడాకారిణి కారెన్ రోల్టన్. మరుసటి ఏడాది భారత బౌలర్ ఝులన్ గోస్వామి విజేత అయింది. 2017 నుండి ప్రధాన మహిళా పురస్కారానికి ఇంగ్లండ్ మాజీ కెప్టెన్ రేచల్ హేహో ఫ్లింట్ పేరు పెట్టారు. 2018, 2021 సంవత్సరాలకు స్మృతి మంధాన ఈ పురస్కారాన్ని గెలుచుకొన్నది. 2020లో ప్రకటించిన దశాబ్దపు మహిళా వన్డే జట్టులో మిథాలీ రాజ్‌కు స్థానం లభించింది. ఆలస్యంగానైనా కొలబద్ద ఆమె దాకా చేరింది.

అంకెలకు అందని గుణాలు కూడా ఉన్నాయి. 2011లో నాటింగ్‌హామ్ టెస్టులో టీ విరామానికి ముందు ఇయాన్ బెల్ రనౌట్ అయ్యాడు. బంతి బౌండరీ చేరిందని భావించి ఆతడు క్రీజు విడిచిపెట్టాడు. నియమం ప్రకారం ఆతడు అవుటే. అయినా భారత కెప్టెన్ మహేంద్రసింగ్ ధోనీ ఆ అప్పీలును ఉపసంహరించుకొని బెల్‌ను తిరిగి ఆడనిచ్చాడు. ఆ టెస్టులో భారత్ ఓడిపోయింది. ఆ ఏడాది ‘క్రీడాస్ఫూర్తి’ పురస్కారం ధోనీకి లభించింది. స్కోరు పుస్తకంలో ఏ గడిలోనూ కనిపించని పనికి ఇది గుర్తింపు.

ఇట్టి విషయాలపై వాదించడం ఎట్లా? మన శాస్త్రకారులు దీనికి చక్కని మార్గం చూపారు. మొదట పూర్వపక్షాన్ని, అనగా ఎదుటివాని మతాన్ని, ఆతడే మెచ్చుకొనేటంత స్పష్టంగా చెప్పాలి. తరువాత దానిలోని లోపాన్ని చూపాలి. ఆ పిమ్మట తన సిద్ధాంతాన్ని నిలబెట్టాలి. లారా 400 పరుగుల గొప్పతనాన్ని ముందుగా మనస్ఫూర్తిగా ఒప్పుకొన్నవాడే ద్రావిడ్ పక్షాన బలంగా వాదించగలడు. పేర్లు చెప్పకముందు కొలబద్ద చెప్పాలి. ఆ కొలబద్దనే అందరికీ వర్తింపజేయాలి. తనకు నచ్చిన ఆటగానికి సగటును, నచ్చని ఆటగానికి విజయాలను లెక్కించడం వాదం కాదు, పక్షపాతం.

నేటి విద్యార్థి రేపు ఏదో ఒక స్థానంలో నిలిచి ఇతరుల యోగ్యతను నిర్ణయించవలసి వస్తుంది. పాఠశాలలో బహుమతి ఎవరికివ్వాలి, ఉద్యోగానికి ఎవరిని తీసుకోవాలి, గ్రామంలో సహాయం ముందు ఎవరికి అందాలి అన్న ప్రశ్నలు ఎదురవుతాయి. అక్కడ ఒక పేరు రాయడమంటే మరికొన్ని పేర్లను పక్కన పెట్టడమే. ఆ పక్కన పెట్టిన పేర్ల వెనుక కూడా శ్రమ ఉంటుంది. వారి ముఖం చూసి కారణం చెప్పగలిగినప్పుడే ఆ నిర్ణయం న్యాయమైనది.

కఠిన పదాలు – అర్థాలు

కొలబద్ద = కొలిచే సాధనం, ప్రమాణం
సహేతుకం = కారణంతో కూడినది
కనకాభిషేకం = బంగారు నాణేలతో చేసే సన్మానం
సర్వతోముఖం = అన్ని వైపులా విస్తరించినది
అజేయం = జయింపబడనిది; ఆటలో అవుట్ కాకుండా నిలవడం
వివక్ష = పక్షపాతంతో భేదం చూపడం
ఉపసంహరించు = వెనుకకు తీసుకొను
పూర్వపక్షం = వాదంలో ఎదుటివారి మతం
సిద్ధాంతం = విచారించి స్థాపించిన నిర్ణయం

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు ఒకటి, రెండు వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. ఐ.సి.సి. ప్రధాన పురస్కారానికి ఎవరి పేరు పెట్టారు?
2. అడిలైడ్ టెస్టులో ద్రావిడ్, లక్ష్మణ్ ఎన్ని పరుగుల భాగస్వామ్యం నెలకొల్పారు?
3. 2024 ఉత్తమ వన్డే జట్టులో భారతీయులు లేకపోవడానికి గల కారణమేమి?

II. ఈ క్రింది ప్రశ్నలకు పదిహేను పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 2004 సంవత్సరపు ఎంపికలో కనిపించే మూడు కొలబద్దలను వివరించండి.
2. అజ్మల్ విషయంలో తలెత్తిన వివాదాన్ని రెండు పక్షాల వైపు నుండి చర్చించండి.
3. కర్ణుని కథకు, మహిళా క్రికెటర్ల పురస్కారాలకు గల సంబంధాన్ని తెలపండి.

III. తరగతిలో చర్చ: “ఒకే రంగంలో శిఖరం ఎక్కినవాడు గొప్పవాడా? అన్ని రంగాలలో రాణించినవాడు గొప్పవాడా?” విద్యార్థులు రెండు జట్లుగా విడిపోయి, ప్రతి జట్టూ మొదట ఎదుటి జట్టు వాదనను చెప్పి, తరువాత తమ సిద్ధాంతాన్ని నిరూపించాలి.